అరచేతంత కార్డు మీద నాలుగు నీలి గుర్రాలు

పోస్టాఫీసుల దొరికే యాభై పైసల కార్డు యాదికి తెచ్చుకోండ్రి. 14 సెంటీమీటర్ల పొడుగు, 9 సెంటీమీటర్ల ఎడల్పు. 1912 ఆఖరుకు జర్మనీల ఒక చిత్రకారుడు ఇంచుమించు గంతే ఉన్న కార్డు మీద నాలుగు నీలి గుర్రాలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వేసిండు. కొత్త సంవత్సరం కానుక లెక్క ఒక కవయిత్రికి పోస్టు చేసిండు. తర్వాత 1913ల అదే బొమ్మను 2 మీటర్ల ఎత్తున్న గుడ్డ మీద పెద్దగ వేసిండు. ఆ పెద్ద బొమ్మ 1945 నుంచి జాడలేదు. కార్డు మాత్రం ఉన్నది.

ఆయన పేరు ఫ్రాంజ్ మార్క్. 1880 ఫిబ్రవరి 8 నాడు మ్యూనిక్‌ల పుట్టిండు. నాయిన విల్‌హెల్మ్ సుత బొమ్మలేసెటోడే. కొడుకు మాత్రం మొదలు మతం చదువు చదువుతనన్నడు, తర్వాత మనసు మార్చుకొని 1900ల మ్యూనిక్ అకాడమీల చేరిండు. పారిస్ పోయి వచ్చిండు. అక్కడ వాన్ గోఖ్ రంగులు చూసినంక మళ్ల పాత తీరు బొమ్మలు వెయ్యబుద్ధి కాలే. మనుషుల కంటే పశువుల మీదనే పానం ఎక్కువ. చేతుల పైసల్లేని రోజుల్ల జంతువుల ఎముకలు, కండలు ఎట్లుంటయో పాఠాలు చెప్పి బతికిండు. 1910ల పట్నం ఇడిసిపెట్టి సిండెల్స్‌డోర్ఫ్ అనే పల్లెల కాపురం పెట్టిండు. మరుసటేడు కాండిన్‌స్కీతోని కలిసి 'నీలి రౌతు' అనే జట్టు కట్టిండు. 1912ల ఇద్దరు కలిసి అదే పేరు మీద ఒక పుస్తకం తెచ్చిన్రు. పేరున్న చిత్రకారుల బొమ్మల పక్కన చిన్నపిల్లల గీతలు, ఊరోళ్లు అద్దం మీద వేసిన దేవుని బొమ్మలు పెట్టిన్రు. ఆ రోజుల్ల గది మామూలు ధైర్యం కాదు.

ఈయన ఆలోచనలు సగం పోస్టుడబ్బాల నుంచే పుట్టినయ్. నీలం మగ రంగు, పసుపు ఆడ రంగు, ఎరుపు బరువైన మట్టి రంగు అని ఆయనకొక లెక్క ఉండె. ఆ లెక్క రాసింది పుస్తకంల కాదు, ఆగస్ట్ మాకె అనే దోస్తుకు పంపిన ఉత్తరంల. (మగ, ఆడ అని రంగులు పంచుడు నాకైతే నచ్చలే. కానీ ఆ లెక్కతోనే గుర్రాలు నీలంగ మారినయ్.)

ఇగ ఆ కవయిత్రి. ఎల్సె లాస్కర్ షూలర్. ఆయన కంటే 11 ఏండ్లు పెద్దది, యూదుల బిడ్డ. 1912ల రెండో పెనిమిటితోని సుత విడాకులైనయ్. ఒక్క కొడుకు, చేతుల పైసల్లేవు, బెర్లిన్‌ల కిరాయి అర్రలు, కాఫీ హోటళ్లల్ల బతుకు. అసుంటి బతుకుల ఆమె తనకు తాను ఒక రాజ్యం కట్టుకున్నది. థీబ్స్ పట్నపు యువరాజు యూసుఫ్ అని తనకు తానే పేరు పెట్టుకున్నది. సంతకం చెయ్యాల్సిన తాన నెలవంక, చుక్క గీసేది.

ఆమె కవిత ఒకటి చదివి మార్క్ దానికి చెక్క మీద చెక్కి అచ్చేసిన బొమ్మ చేసిండు. అట్ల మొదలైంది. 1914 దాంక ఆమెకు 28 కార్డులు బొమ్మలేసి పంపిండు. ఆమె యూసుఫ్ నంటే ఈయన కాదనలే, నవ్వలే. నీ రాజ్యంల ఉండే జంతువులు ఇగో ఇవే అన్నట్టు నిమ్మపండు రంగు గుర్రాన్ని, నిప్పు ఎద్దును వేసి పంపిండు. ఆమె ఆ జంతువులను తన కథలకు తీసుకొని జవాబు రాసేది, జవాబుల మళ్ల బొమ్మలు గీసేది. ఆ ఉత్తరాలు పత్రికలల్ల అచ్చయినయ్, తర్వాత 1919ల 'మాలిక్' అనే నవల అయినయ్. నీలి గుర్రాల కార్డును దగ్గర పెట్టుకొని చూస్తే గుర్రాల ఒంటి మీద నెలవంకలు, చుక్కలు కనబడ్తయ్. అవి ఆమె సంతకపు గుర్తులు. మరి ఆ బొమ్మ ఎవ్వరిది? వేసింది ఆయన. కానీ ఆమె లేకపోతే ఆ కార్డు పుట్టకపోవు.

ఇప్పుడు సుత కొందరు ఒక నోటుబుక్కును పోస్టుల తిప్పుకుంట, ఒక్కొక్కరు ఒక్కో పేజీ బొమ్మలతోని నింపుకుంట పంపుకుంటున్నరు. అందులకు దిగేటోళ్లకు రెండు భయాలుంటయ్. నా పేజీ పక్కన ఇంకొకరు ఏదో గీసి ఖరాబు చేస్తరేమో అని ఒకటి, బుక్కు తొవ్వల పోతదేమో అని ఇంకొకటి. మార్క్ మొదటి భయం పెట్టుకోలే. ఆమె గుర్తులను తన గుర్రాల మీద తనే గీసిండు. రెండోదాని సంగతి కిందికి పోయినంక తెలుస్తది.

దోస్తానా కార్డుల దగ్గరనే ఆగలే. ఆమె తిప్పలు చూసి, 1913ల చిత్రకారుల తాన బొమ్మలు అడిగి తెచ్చి మ్యూనిక్‌ల వేలం పెట్టించిండు. కొనెటోళ్లు రాలే. ఆఖరుకు బొమ్మలిచ్చిన చిత్రకారులే పాటపాడి తమ బొమ్మలు తామే కొనుక్కున్నరు.

1914 ఆగస్టుల లడాయి మొదలైతే మార్క్ తనంతట తనే ఫౌజుల చేరిండు. ఈ మాట దాస్తే తప్పైతది. గుర్రం కండ్లతోని లోకం ఎట్లుంటదో చూడాలన్న మనిషి, ఆ లడాయి యూరప్‌ను కడిగి శుభ్రం చేస్తదని నమ్మిండు. రెండు నెలలు కాకముందే మాకె లడాయిల సచ్చిపోయిండు, 27 ఏండ్లకే. ఆ నమ్మకం మెల్లమెల్లగ కరిగింది. పెండ్లాం మరియాకు అక్కడి నుంచి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసిండు. జేబుల పట్టే చిన్న బుక్కుల పెన్సిల్‌తోని 36 బొమ్మలు గీసిండు. 1915ల ఒకనాడు పోస్టుల ఒక కార్డు వచ్చింది. దాని మీద తను లడాయికి ముందు, 1913ల వేసిన 'జంతువుల గతి' బొమ్మ అచ్చేసి ఉన్నది. కూలుతున్న చెట్లు, బెదిరిన పశువులు. దాన్ని చూసి వణికిపోయిండు. రాబోయే లడాయినే ముందుగాల వేసిన్నా అన్నట్టు అనిపించి, తను వేసిందే అని నమ్మబుద్ధి కాలేదని ఇంటికి రాసిండు.

1916 మొదట్ల ఫిరంగులు విమానాలకు కనబడకుండ కప్పే టార్పాలిన్ల మీద రంగుచుక్కలు వేసే పని చేసిండు. మార్చి 4 నాడు వెర్డన్ దగ్గర ఫిరంగి గుండు ముక్క తగిలి పానం పోయింది. 36 ఏండ్లు. పేరున్న చిత్రకారులను లడాయి నుంచి వెనక్కి పిలిచే జాబితాల ఆయన పేరు ఉండె. ఆ కబురు అందకముందే అంతా అయిపోయింది.

ఆయన పోయినంక 'జంతువుల గతి' గోదాముల అంటుకొని ఒక పక్క కాలిపోయింది. దోస్తు పాల్ క్లే ఆ కాలిన భాగాన్ని మళ్ల వేసిండు. ఇప్పటికీ ఆ పక్క మట్టిరంగుల వేరే తీరుగనే కనబడ్తది. పెద్ద నీలి గుర్రాల బొమ్మను 1919ల బెర్లిన్ జాతీయ గ్యాలరీ కొన్నది. 1937ల నాజీలు చెడిపోయిన కళ అని పేరుపెట్టి మ్యూనిక్‌ల ప్రదర్శన పెట్టి, అందుల దాన్ని వేలాడదీసిన్రు. దేశం కోసం వెర్డన్‌ల సచ్చినోని బొమ్మను గిట్ల పెడ్తరా అని పాత ఫౌజు ఆఫీసర్లు అడిగితే తీసేసిన్రు. దాన్ని గోరింగ్ తన కోసం పట్టుకపోయిండు. సర్కారు గోడ మీద, కాపలా మధ్యల ఉన్న బొమ్మ గట్ల మాయమైంది. పోస్టుల పోయిన కార్డు ఇయ్యాల మ్యూనిక్‌ల భద్రంగ ఉన్నది.

ఎల్సె 1933ల జర్మనీ ఇడిసి స్విట్జర్లాండ్ పారిపోయింది. 1939ల జెరూసలేం చేరింది. మళ్ల పుట్టిన దేశం మొఖం చూడలే. 1945 జనవరి 22 నాడు అక్కడనే కన్నుమూసింది. పెద్ద గుర్రాల జాడ పోయింది సుత గా ఏడే.