తాబేలు గుర్తు పెట్టుకున్న వేగవీరుడు

ఈ నెల జీవిత కథ: టాట్సియో నువొలారి (1892–1953)

ఇటలీలోని మాంటొవా నగరంలో ఏటా సెప్టెంబరులో పాతకాలపు కార్ల ర్యాలీ ఒకటి మొదలవుతుంది. 1920లు, 1930ల నాటి స్పోర్ట్స్ కార్లు మెరుగులు దిద్దుకుని పల్లెలు, పట్టణాల మీదుగా వందల కిలోమీటర్లు సాగుతాయి. ఆ ర్యాలీ పేరు గ్రాన్ ప్రెమియో నువొలారి. కార్లంటే ఇష్టపడే పిల్లలు ఇంట్లో ఉంటే, ఈ పేరు వెనక ఉన్న మనిషి కథ వాళ్ళకు తప్పక చెప్పండి. అందులో మన పెద్దలకు పనికొచ్చే సంగతులూ ఉన్నాయి.

రైతు ఇంటి బిడ్డ

నువొలారి 1892 నవంబరు 16న మాంటొవా దగ్గర కాస్టెల్ డారియో అనే ఊళ్ళో రైతు కుటుంబంలో పుట్టారు. తండ్రి ఆర్తూరో, తండ్రి సోదరుడు జుసెప్పె ఇద్దరూ సైకిల్ పందేల్లో పాల్గొన్నవారే. మొదటి ప్రపంచ యుద్ధంలో నువొలారి సైన్యంలో డ్రైవరుగా పనిచేశారు. 1917లో కరొలీనాను పెళ్ళి చేసుకున్నారు. మనిషి పొట్టి, బక్కపలుచని శరీరం. 1920లో తొలిసారి మోటార్‌సైకిల్ పందెంలో దిగేనాటికి 27 ఏళ్ళు వచ్చేశాయి. ఆలస్యంగా మొదలుపెట్టానని ఆయన వెనకడుగు వేయలేదు.

1925లో అల్ఫా రోమియో కారు నడిపి చూస్తుండగా ప్రమాదం జరిగి ఒళ్ళంతా గాయాలయ్యాయి. కొద్ది రోజులకే ఒంటినిండా కట్లతో వచ్చి, ఇతరులు ఎత్తి బండి మీద కూర్చోబెడితే, మోంజాలో మోటార్‌సైకిల్ పందెం గెలిచారు. 1934లో కాలు విరిగింది. మానకముందే, మూడు పెడళ్ళనూ ఎడమ కాలితోనే తొక్కేలా కారును మార్పించుకుని బెర్లిన్‌లో పోటీచేసి ఐదో స్థానంలో నిలిచారు.

వెయ్యి మైళ్ళ పందెం

ఆ రోజుల్లో ఇటలీలో అన్నిటికన్నా పెద్ద రోడ్డు పందెం మిల్లె మిలియా. ఆ మాటకు వెయ్యి మైళ్ళు అని అర్థం. 1927లో మొదలైంది. బ్రెషియాలో బయలుదేరి రోమ్ వరకు వెళ్ళి తిరిగి బ్రెషియా చేరాలి. అంటే సుమారు 1,600 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ రోడ్డు దూరం దాదాపు అంతే. ప్రత్యేకమైన ట్రాక్ ఏమీ లేదు. జనం రోజూ తిరిగే రోడ్లు, ఊళ్ళ నడిబొడ్డు వీధులు, కొండదారులే పందెం బాట.

1930లో నువొలారి, గ్విదోత్తి అనే సహచరుడితో కలిసి అల్ఫా రోమియో 6సి 1750 కారులో ఈ పందెం గెలిచారు. పట్టిన సమయం సుమారు 16 గంటల 18 నిమిషాలు. గంటకు సగటున 100 కిలోమీటర్లు దాటడం ఆ పందెంలో అదే మొదటిసారి. 1933లో మళ్ళీ గెలిచారు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో 24 గంటల ల మాన్ పందెంలోనూ విజేతగా నిలిచారు.

1932లో ఇటలీ కవి గాబ్రియేలె దానున్జియో ఆయనకు చిన్న బంగారు తాబేలు బహుమతిగా ఇచ్చారు. అందరికన్నా వేగంగా వెళ్ళే మనిషికి అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే జీవి తగిన కానుక అని కవి ఉద్దేశం. ఆ తాబేలునే నువొలారి తన గుర్తుగా చేసుకుని పసుపుపచ్చ జెర్సీ మీద ధరించారు.

1935 జులైలో జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో జరిగిన పందెం ఆయన పేరును చరిత్రలో నిలిపింది. అప్పటికి వయసు 42. ఎదురుగా మెర్సిడెస్, ఆటో యూనియన్ సంస్థల కొత్త కార్లు తొమ్మిది. ఈయన అల్ఫా రోమియో వాటికన్నా పాతది, శక్తి తక్కువది. మధ్యలో పెట్రోలు నింపడానికే రెండు నిమిషాలకు పైగా పట్టి వెనకబడ్డారు. అయినా ఒక్కో కారునూ దాటుకుంటూ వచ్చారు. చివరి రౌండులో ముందున్న జర్మన్ కారు టైరు పేలింది. వెంటాడుతూ వచ్చిన నువొలారి గెలిచారు.

కప్పులు నిండిన ఇల్లు

1937లో అమెరికాలో పందేనికి ఓడలో వెళ్తుండగా సముద్రం మధ్యలో కబురందింది. పెద్ద కొడుకు జోర్జో జబ్బుతో చనిపోయాడు. రెండో కొడుకు అల్బెర్టో 1946లో మూత్రపిండాల జబ్బుతో కన్నుమూశాడు. ఇద్దరికీ చనిపోయేనాటికి పద్దెనిమిదేళ్ళే. గెలిచిన కప్పులతో నిండిన ఇంట్లో భార్యాభర్తలిద్దరే మిగిలారు. అప్పటికే ఏళ్ళ తరబడి పీల్చిన కారు పొగతో ఆయన ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి.

అయినా రోడ్డు మీదికి వచ్చారు. 1947 మిల్లె మిలియాలో సిసిటాలియా అనే చిన్న కారుతో చాలాసేపు అందరికన్నా ముందున్నారు. వర్షపు నీరు ఇంజనులోకి చేరి ఆలస్యమై రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు. 1948లో, 55 ఏళ్ళ వయసులో, ఫెరారీ నడిపారు. దారిలో బానెట్ ఎగిరిపోయింది, మడ్‌గార్డు ఊడింది, సీటు కదిలిపోయింది. అయినా ఆధిక్యం పెరుగుతూనే ఉంది. చివరకు రెజ్జో ఎమీలియా దగ్గర సస్పెన్షన్ విరగడంతో కారు ఆపక తప్పలేదు. ఆ ఏడు గెలిచినది బియోన్‌దెత్తి. ఇటలీ జనం మాత్రం ఆ పందెం తలచుకుంటే ముందుగా నువొలారి పేరే చెబుతారు.

1950లో సిసిలీలో చివరి పందెం నడిపారు. 1953 ఆగస్టు 11న మాంటొవాలో కన్నుమూశారు. వేలాది జనం అంతిమయాత్రలో నడిచారు. ఆ పసుపు జెర్సీతోనే ఆయనను సమాధి చేశారు.

సరైన సమయానికి చేరడమే గెలుపు

ఆయన పోయిన నాలుగేళ్ళకు, 1957 మే 12న, మాంటొవా జిల్లాలోనే గ్విదిత్సోలో ఊరి దగ్గర మిల్లె మిలియాలో ఒక ఫెరారీ టైరు పేలి జనంలోకి దూసుకెళ్ళింది. కారులోని ఇద్దరితోపాటు చూడటానికి వచ్చిన తొమ్మిదిమంది చనిపోయారు. వారిలో ఐదుగురు పిల్లలు. దానితో ఆ వేగపు పందెం ఆగిపోయింది.

1977 నుంచి మిల్లె మిలియా పాత కార్ల ర్యాలీగా మళ్ళీ నడుస్తోంది. నువొలారి పేరుతో జరిగే ర్యాలీ పద్ధతీ అదే. ఇక్కడ ముందుగా వచ్చినవారు విజేతలు కారు. ఒక్కో భాగానికి నిర్ణయించిన సమయం ఉంటుంది. ఆలస్యమైతే పాయింట్లు పోతాయి, తొందరపడి ముందే వచ్చినా పోతాయి.

సంజామల నుంచి కోవెలకుంట్ల, ఆళ్ళగడ్డ వైపు వెళ్ళే మన రోడ్ల మీద ట్రాక్టర్లు, గొర్రెల మందలు, స్కూలు బస్సులు ఒకే దారిలో సాగుతాయి. ఆ దారిన పదో తరగతి పిల్లాడు ముగ్గురిని ఎక్కించుకుని బైక్ మీద పోతుంటే మనం రోజూ చూస్తున్నాం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. జరిమానా కట్టి బయటపడవచ్చు. పద్దెనిమిదేళ్ళ కొడుకు పోయిన ఇల్లు ఎలా ఉంటుందో నువొలారి దంపతులు రెండుసార్లు చూశారు.

ఈ నెల పిల్లలకు ఈ వేగవీరుడి కథ చెప్పండి. బంగారు తాబేలు సంగతి వాళ్ళకు తప్పకుండా నచ్చుతుంది. బండి తాళం మాత్రం లైసెన్సు వచ్చేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.