తీగ పుట్టుక అడిగి రాసిన సామర్లకోట డాక్టరు

మల్కాజ్‌గిరి : పాత ఇళ్ళ ప్రహరీల మీద, పొలాల కంచెల మీద ఎన్నో తీగలు అల్లుకుంటాయి. వాటిలో ఈ నేలలోనే పుట్టింది ఏది? ఎవరి తోటలో నుంచో గోడ దాటి వచ్చింది ఏది? చూడగానే చెప్పగలవారు తక్కువ. ఈ తేడా తెలిసేలా మన దేశపు మొక్కల వివరాలు వరుసగా రాసిపెట్టిన వారిలో ముందు చెప్పుకోవలసిన పేరు విలియం రాక్స్‌బర్గ్. భారత వృక్షశాస్త్ర పితామహుడని పేరుపొందిన ఈయన మన మొక్కల గురించి ఎంతో నేర్చుకున్నది తెలుగు గడ్డ మీదనే.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లాండ్‌లో జన్మించారు. ఎడిన్‌బరోలో వైద్యం చదువుతూ జాన్ హోప్ అనే ఆచార్యుని వద్ద మొక్కల శాస్త్రం కూడా నేర్చారు. ఆ కాలంలో మందులు చాలావరకు మొక్కల నుంచే వచ్చేవి గనుక వైద్యులకు ఆ చదువు తప్పనిసరి. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు చేరారు. 1781లో ఆయనను గోదావరి ప్రాంతంలోని సామర్లకోటకు పంపారు.

సామర్లకోటలో తోట

సామర్లకోటలో ఆయన ప్రయోగాల తోట వేశారు. మిరియాలు, కాఫీ, దాల్చిన, నీలిమందు, చెరకు వంటివి అక్కడ పెంచి చూశారు. దగ్గరి కొండల్లో అడవి మిరియాల తీగ కనిపిస్తే దాన్నీ తెచ్చి పెంచారు. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసే అంకుడు చెట్టు ఆకుల నుంచి నీలిరంగు తీయవచ్చునని చేసి చూపారు. కంపెనీకి కావలసింది లాభం. కాని రాక్స్‌బర్గ్ దృష్టి దానితో ఆగలేదు.

1789 నుంచి 1792 వరకు ఉత్తర సర్కారు జిల్లాలను ఘోరమైన కరవు పట్టి పీడించింది. ఆకలిచావులను ఆయన దగ్గరగా చూశారు. వానలు లేని ఏడాది కూడా తిండి దొరికేలా కొబ్బరి, పనస, తాటి వంటి చెట్లు విరివిగా నాటించాలని పై అధికారులకు రాశారు. వాతావరణం లెక్కలను రోజుకు మూడుసార్లు రాసుకునే అలవాటు ఆయనకు ఉండేది.

పేరు అడిగి, బొమ్మ గీయించి

ఆయన పద్ధతి తేలికైనదే. మొక్కను పూతలో చూడాలి, కాయతో మళ్ళీ చూడాలి. ఎలాంటి నేలలో, ఏ నెలలో పూస్తుందో రాయాలి. ఊరివాళ్ళు దాన్ని ఏమంటారో, దేనికి వాడతారో అడగాలి. స్థానిక చిత్రకారుల చేత బొమ్మ వేయించాలి. ఇలా తయారైన వాటిలో నుంచి 300 బొమ్మలతో కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం 1795 - 1820 మధ్య లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడింది. అందులో తెలుగు పేర్లు ఉన్నాయి. మన సోమిద చెట్టుకైతే ఆ తెలుగు పేరే తరువాతి కాలంలో శాస్త్రనామంలోకి ఎక్కింది. కాని ఆ పేర్లు చెప్పిన పల్లెవాసుల పేర్లు లోకానికి తెలియవు.

ఆ గ్రంథం రెండో సంపుటంలో ఒక తీగ ఉంది. తూర్పు కనుమల అడవుల్లో పెరిగే ఆ తీగను మనవారు ముక్కుపీనస తీగ అంటారు. దాని వాడకం పేరులోనే ఉంది. ఇది క్లెమాటిస్ జాతికి దగ్గరి చుట్టమని వెనుక అనుకునేవారు. ఇటీవలి శాస్త్రవేత్తలు ఆ జాతిలోనే చేర్చారు. ఆకులు కణుపుకు రెండేసి, ఎదురెదురుగా ఉంటాయి. ఒక్కొక్క ఆకుకు రెండు రెబ్బలు. మూడో రెబ్బ ఉండవలసిన చోట నులితీగ ఉంటుంది. గింజలకు ఈకల వంటి తోకలుంటాయి, గాలికి ఎగురుతాయి.

రాక్స్‌బర్గ్ పేరు పెట్టిన మరో క్లెమాటిస్ ఉంది. బెంగాల్‌లో శిథిలమైన గౌర్ నగరం పేరు మీద దానికి గౌరియానా అని పెట్టారు. దీనికి నులితీగ ఉండదు, ఆకు కాడే మెలితిరిగి ఆధారాన్ని పట్టుకుంటుంది. చిన్న తెల్లని పూలు గుత్తులుగా పూస్తాయి. ఈ జాతి తీగల పచ్చి రసం తగిలితే చర్మం పొక్కవచ్చు. కనుక గుర్తుపట్టకుండా మందుకు వాడడం ప్రమాదం.

కలకత్తా జాబితా

1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానానికి అధికారిగా వెళ్ళారు. ఇరవై ఏళ్ళలో ఆ తోటలో మొక్కల రకాలు సుమారు 3,500కు పెరిగాయి. వాటి జాబితాను 1814లో విలియం కేరీ శ్రీరాంపూర్‌లో అచ్చువేశారు. ఏ మొక్క ఎక్కడిది, ఎవరు తెచ్చారు, ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పూస్తుంది అన్న వివరాలు అందులో ఉన్నాయి. నాటు మొక్కేదో, తెచ్చి నాటిన మొక్కేదో తేల్చడానికి ఇంతకంటె గట్టి సాక్ష్యం ఏముంటుంది!

అయితే తోటలో పెట్టిందల్లా తోటలోనే ఉండదు. రంగురంగుల పూల లాంటానా పొద 1809 ప్రాంతంలో అందం కోసం ఆ కలకత్తా తోటకే వచ్చిందని చెబుతారు. నేడు అది దేశమంతటా అడవులను, బీళ్ళను ఆక్రమించి పశువుల మేతను అణగదొక్కుతోంది.

ఆరోగ్యం చెడి 1813లో రాక్స్‌బర్గ్ భారతదేశం విడిచి వెళ్ళారు. 1815లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు. ఆయన రాసిన భారత వృక్ష గ్రంథం మరణానంతరమే అచ్చయింది.

ఆయన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. జంటనగరాల ప్రహరీల మీద కనిపించే గులాబిరంగు పూల తీగనే చూడండి. ఆకులు ఎదురెదురుగా కాక ఒకటి విడిచి ఒకటి ఉంటాయి, హృదయాకారంలో ఉంటాయి. పూలగుత్తి చివర నులితీగలుంటాయి. అది క్లెమాటిస్ కాదు. మెక్సికో నుంచి తోటలకు వచ్చి బయటపడిన తీగ. ఆకుల వరుస, పాకే తీరు, పూత, కాయ - ఈ నాలుగూ చూస్తే సగం పని తీరుతుంది. మిగతా సగం చెప్పగలిగేది ఊళ్ళో పెద్దలే. వారు ఉండగానే తీగల పేర్లు అడిగి రాసి ఉంచుకోవడం మేలు.