సంకెలలు విప్పిన వైద్యుడు – డాక్టరు జాన్ కానలీ

మతి చలించిన మనిషిని గొలుసుతో కట్టివేయుట ఒకప్పుడు అనేక దేశములలో ఉన్న ఆచారమే. ఇంటివారికి అది క్రూరత్వమని తోచదు. వేరు దారి లేదనియే తోచును. వేరు దారి కలదని చేసి చూపిన మహనీయులలో ఇంగ్లండు దేశీయులగు డాక్టరు జాన్ కానలీగారు ఒకరు.

ఆయన 1794లో లింకన్‌షైరునందలి మార్కెట్ రేసెన్ అను ఊర జన్మించిరి. 1821లో ఎడింబరోలో వైద్యపట్టము పొంది, 1828లో లండను విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. వైద్యవిద్యార్థులు మానసిక రోగులను కన్నులార చూచి నేర్వవలెనని ఆయన చేసిన ప్రయత్నము అచ్చట ఫలింపలేదు. కొలది సంవత్సరములకే ఆ పదవిని విడిచిరి.

రాజధానికి దూరముగా చెదరియున్న వైద్యులు ఏకము కావలెనని చార్లెస్ హేస్టింగ్సుగారు 1832లో వూస్టరు నగరమున సంఘము నెలకొల్పగా, కానలీగారు అందు చేయూతనిచ్చిరి. అదియే తరువాత బ్రిటిషు మెడికల్ అసోసియేషన్ అయ్యెను.

1839 జూనులో ఆయన హాన్‌వెల్ చికిత్సాలయమునకు వైద్యాధికారిగా వచ్చిరి. అచ్చట సుమారు 800 మంది రోగులుండిరి. వారిలో కొందరు తోలుపట్టెడలతోను, కట్లతోను బంధింపబడియుండిరి. లింకన్ పట్టణమున గార్డినర్ హిల్ అను వైద్యుడు కట్లు మాన్పించిన విధమును ఆయన అంతకుముందే చూచివచ్చిరి. సెప్టెంబరు ముగియక మునుపే హాన్‌వెల్‌లో కట్టబడిన రోగి ఒక్కడును లేకుండెను. పట్టెడలకు బదులు ఎక్కువమంది పరిచారకులు, శాంతవచనములు, చేతికి పని, రాత్రింబవళ్లు కనిపెట్టియుండుట – ఇవియే ఆయన సాధనములు.

ఇది ప్రమాదకరమని తోటి వైద్యులే పలువురు ఆక్షేపించిరి. కట్లు పోయినను ఒంటరి గది మిగిలెనని మరికొందరనిరి. కానలీగారు కోపింపక, ఏటేట నివేదికలు ప్రకటించి, విద్యార్థులను పిలిచి రోగులనడుమ పాఠములు చెప్పిరి. 1841లో ఏర్పడిన మానసిక వైద్యుల సంఘమునకు ఒకటికి మించిన పర్యాయములు అధ్యక్షత వహించిరి. తన పద్ధతిని 1856లో గ్రంథముగా వెలువరించిరి. అప్పటికి ఇంగ్లండులోని అనేక చికిత్సాలయములు కట్లను విసర్జించియుండెను. ఇంతచేసియు, మొదటి యశస్సు హిల్‌గారిదేయని ఆయన ఒప్పుకొనిరి.

1866 మార్చి 5న హాన్‌వెల్‌లోనే ఆయన పరమపదించిరి. ఆ మానసిక వైద్యుల సంఘమే 1971లో రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్ అయ్యెను.

అయినను గొలుసు లోకమును విడువలేదు. 2001లో తమిళనాడునందలి ఎర్వాడిలో పాకకు నిప్పంటుకొనగా 28 మంది రోగులు మరణించిరి. గొలుసులు వారిని పారిపోనీయలేదు. 2017నాటి భారత మానసిక ఆరోగ్య చట్టము రోగిని ఏ విధముగను గొలుసుతో బంధింపరాదని శాసించినది. చట్టము చేయగలిగినది అంతవరకే. ఇంట అట్టి బిడ్డ యున్నచో గొలుసు వెదుకక వైద్యుని వెదకుట ఇరుగుపొరుగుల ధర్మము. హైదరాబాదు ఎర్రగడ్డలోని ప్రభుత్వ చికిత్సాలయము అందుకే యున్నది.