తెల్లకణానికి కళ్లెం వేసిన తెలుగు వైద్యుడు

మా అచ్యుతాపురం పరిసరాలలో ఔషధ కర్మాగారాలు వెలసిన ఈ కాలంలో, వైద్యలోకానికి మహోపకారం గావించిన ఒక తెలుగు బిడ్డ జీవితాన్ని విద్యార్థులమైన మేము స్మరించుకొనడం సముచితమని భావిస్తున్నాము. ఆయనే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన సుబ్బారావు చదువులో తొలుత రాణించలేదు. మెట్రిక్యులేషనులో రెండుసార్లు తప్పి, మూడవసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చింది. సోదరులిద్దరూ కొద్ది రోజుల వ్యవధిలోనే స్ప్రూ అనే జీర్ణవ్యాధికి బలైపోయారు. ఆ దుఃఖమే ఆయనను పరిశోధన వైపు నడిపింది.

1922లో ఆయన బోస్టను చేరారు. ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పనులు చేస్తూ చదువు సాగించారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలను వెలుగులోకి తెచ్చారు. అయినను అక్కడ స్థిరమైన పదవి లభించలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కబళించిన స్ప్రూకు అది మందయింది. అయితే కణం విభజన చెందడానికి కూడా ఆ ఆమ్లమే ఆధారం. శరీరానికి కావలి కాయవలసిన తెల్లకణాలు హద్దు మీరి పెరగడమే రక్తక్యాన్సరు. ఫోలిక్ ఆమ్లపు సమ్మేళనాలు ఆ రోగాన్ని మరింత పెంచుతున్నట్లు బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు గమనించారు. అంతట సుబ్బారావు బృందం ఆ ఆమ్లాన్ని పోలిన అమినోప్టెరిన్‌ను రూపొందించింది. కణం దానిని ఆహారమని భ్రమించి స్వీకరిస్తుంది. ఇక విభజన చెందలేదు. 1947 చివర ఆరంభమైన చికిత్సలో 16 మంది పిల్లలలో 10 మందికి ఉపశమనం కలిగింది. అది తాత్కాలికమే, కాని అంతవరకు ఆశయే లేని వ్యాధి అది.

దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. మెదడులో తెల్లకణాల వల్ల పుట్టే లింఫోమా గడ్డకు అధిక మోతాదులో అదే ముఖ్యౌషధం. రక్షక కణాలు సొంత కీళ్లపైనే దాడిచేసే వాతవ్యాధికి అల్ప మోతాదులో ఇస్తారు. మెదడు గడ్డలపై కిరణ శస్త్రచికిత్స జరిపిన పిదప ఈ కణాలు ఎట్లు ప్రవర్తిస్తాయో నేటి వైద్యులు పరిశీలిస్తున్నారు. ఆ కణాలను ఎప్పుడు ఉసిగొల్పవలెను, ఎప్పుడు అదుపు చేయవలెను అన్నదే అక్కడి ప్రశ్న కూడా.

మన తీరగ్రామాల పెద్దలెరిగిన బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ సైతం ఆయన బృందపు కానుకే. 1948 ఆగస్టులో, 53వ ఏట, స్వదేశానికి తిరిగి రాకుండానే ఆయన కన్నుమూశారు. నోబెల్ బహుమతి దక్కలేదు.

పరీక్షలో తప్పినవాడు జీవితంలో తప్పినట్లు కాదని ఆయన చరిత్ర మాకు బోధిస్తున్నది. ఫలితాల పట్టికలో తన పేరు కనరాని ప్రతి విద్యార్థి భీమవరం సుబ్బారావును ఒక్కసారి తలచుకొనుగాక!