రక్తపింజరికి పేరైన వైద్యుడు

విశాఖలో పాములను, చేపలను నమోదు చేసిన రస్సెల్

వేరుశనగ కట్టె కుప్ప కదిలించే ముందు మన రైతు కర్రతో నాలుగు తట్లు తట్టి చూస్తాడు. భయమంతా రక్తపింజరి గురించే. ఆ పాముకు ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అని పేరు. ఆ రస్సెల్ మన తెలుగు తీరంలోనే దాదాపు ఎనిమిదేళ్లు కాపురమున్న వైద్యుడని చాలామందికి తెలియదు.

డాక్టర్ పాట్రిక్ రస్సెల్ 1726లో స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరంలో జన్మించారు. వైద్యవిద్య ముగించుకుని 1750లో సిరియాలోని అలెప్పో చేరారు. 1760-62 మధ్య అక్కడ ప్లేగు చెలరేగింది. రస్సెల్ ఊరు విడవక రోగులకు వైద్యం చేస్తూ, చూసినదంతా రాసిపెట్టుకున్నారు. ప్లేగుపై ఆయన రాసిన గ్రంథం 1791లో వెలువడింది.

సోదరుడు క్లాడ్ రస్సెల్‌కు ఈస్టిండియా కంపెనీ కొలువు విశాఖపట్నంలో దొరికింది. ఆయనకు తోడుగా 1781లో పాట్రిక్ కూడా ఇక్కడికి వచ్చారు. అప్పటికే ఆయనకు యాభై దాటాయి. కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో మరణించగా, ఆ బాధ్యత రస్సెల్‌కు అప్పగించారు.

పాముకాటు చావులు ఆయనను కలచివేశాయి. ఏది విషపు పామో, ఏది కాదో సామాన్యుడు గుర్తుపట్టగలిగితే సగం భయం తీరుతుందని తలచారు. పాములను తెప్పించి కోరలు పరీక్షించారు. కోళ్లపైన, కుక్కలపైన విషం పనిచేసే తీరు గమనించారు. 1789లో స్వదేశానికి వెళ్లిపోయాక, 1796లో కోరమాండల్ తీరపు పాములపై బొమ్మలతో పుస్తకం అచ్చయింది.

అందులో పాములకు ఇక్కడివారు పిలిచే పేర్లే రాశారు. రక్తపింజరిని కాటుకరేకుల పొడ అన్నారు. దీనికీ భయపడాలని హెచ్చరించారు. 1797లో దీని శాస్త్రీయ నామంలో రస్సెల్ పేరు చేరింది. ఆయన నమోదు చేసిన బంగారు పాము పేరు నుంచే కట్లపాముల జాతికి బంగారస్ అనే పేరు వచ్చింది. నేటికీ ప్రపంచమంతా ఆ తెలుగు మాటే వాడుతోంది.

చేపలనూ ఆయన వదలలేదు. విశాఖలో సేకరించిన 200 రకాల చేపల బొమ్మలను, తెలుగు పేర్లను 1803లో రెండు సంపుటాలుగా ప్రచురించారు. 1805 జూలై 2న లండనులో కన్నుమూశారు.

రస్సెల్ చేపలను పైనుంచి చూసి వర్గీకరించారు. తరువాతి తరాలవారు చేప లోపలికి చూశారు. గొర్రె కార్జంలో జలగలున్నట్టే సముద్రపు చేపల పేగుల్లో, మొప్పల్లో కూడా బల్లపరుపు పురుగులుంటాయి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగం వీటిపై దశాబ్దాలుగా పరిశోధించింది. కొక్కేలు, పీల్చే అవయవాలు కొలిచి పురుగు రకం చెప్పేవారు. అయితే పిల్ల పురుగుకు ఆ గుర్తులు పూర్తిగా ఏర్పడవు. రెండు వేర్వేరు రకాలు ఒకేలా కనిపించడమూ కద్దు. అందుకే ఇప్పుడు డి.ఎన్.ఏ. పరీక్ష చేస్తున్నారు. ప్రతి జీవి కణంలోనూ ఉండే ఈ వంశలిపిని పక్కపక్కన పెట్టి పోలిస్తే నత్తలో దొరికిన పిల్ల, చేపలో దొరికిన తల్లి ఒకే రకమో కాదో తేలుతుంది. ఫార్మలిన్‌లో నిల్వ చేస్తే ఈ లిపి చెడుతుంది కనుక పురుగును ఆల్కహాలులో భద్రపరుస్తారు.

రస్సెల్ పామునూ ఈ పరీక్ష విడువలేదు. బర్మా, థాయిలాండు వైపు పింజరి మన పింజరి ఒకటి కాదని 2007లో డి.ఎన్.ఏ. ఆధారంగా వేరుచేశారు. ఇది పేరు కోసం జరిగిన పని మాత్రమే కాదు. పాము మారితే విషం మారుతుంది, విషం మారితే మందు పనితీరూ మారుతుంది.

మన దేశంలో తయారయ్యే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ పనిచేస్తుంది. కనుక కరచిన పామును చంపి వెంట తేవలసిన పని లేదు. కాటును కోయడం, మంత్రగాడి కోసం వెతకడం మాని, కరచిన చోటు కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. రెండు వందల ఏళ్ల క్రితం రస్సెల్ ఆరాటపడింది ఆ ఒక్క ప్రాణం కోసమే.