విక్రమదేవ వర్మ

మహారాజా విక్రమదేవ వర్మ (జూన్ 28, 1869 - ఏప్రిల్ 14, 1951) జయపురం సంస్థానాధీశుడు, తెలుగు, ఒడియా భాషలలో రచనలు చేసిన పండితుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మహాదాత. ఈయనకు సాహిత్య సమ్రాట్ అనే బిరుదు ఉన్నది.

పూర్వీకులు

ఈ వంశము తూర్పు కనుమలలో పుట్టినది కాదు, వలస వచ్చినది. మొదట ఈ కొండలను నందపురము రాజధానిగా శిలావంశపు రాజులు పాలించేవారు. అరకు నుండి పాడువా మీదుగా కోరాపుట్ పోయే దారిలో నందపురము ఉన్నది. ఉత్తర దేశం నుండి వచ్చిన వినాయకదేవుడు చివరి శిలావంశపు రాజు కుమార్తెను వివాహమాడి, 15వ శతాబ్దం మధ్యకాలంలో రాజ్యాన్ని పొందినాడని కుటుంబ చరిత్ర చెబుతుంది. ఆయన జమ్మూ ప్రాంతపు రాజకుమారుడనే మాట మాత్రం వంశావళులలోనిదే. ప్రతి రాజవంశమూ తన మూలాన్ని సూర్యచంద్రుల వరకు తీసుకొనిపోవడం మనకు తెలిసినదే కనుక దీనిని చరిత్రగా కాక సంప్రదాయంగా గ్రహించడం మేలు. అల్లుడిగా వచ్చి రాజైన కథలో నమ్మదగినది ఒకటున్నది: కొత్తగా వచ్చినవారికి పాత వంశంతో సంబంధం కలిస్తేనే కొండ ప్రజల మీద అధికారం నిలిచేది. ముప్పై రెండు మెట్ల సింహాసనంగా ప్రసిద్ధమైన శిథిలాన్ని నందపురంలో చూడవచ్చును. 17వ శతాబ్దంలో వీరవిక్రమదేవుడు రాజధానిని జయపురానికి మార్చినాడు. 1803 నాటి శాశ్వత పరిష్కారంలో ఈ విశాల సంస్థానానికి పేష్కష్ 16,000 రూపాయలుగా నిర్ణయమైనది.

జీవితం

విక్రమదేవ వర్మ కృష్ణచంద్రదేవ్ కుమారుడు. సింహాసనానికి దూరంగా, ఎక్కువ కాలం విశాఖపట్నంలో గడిపినారు. కనుమల పాదాన ఉన్న మాడుగుల జమీందారుల ఇంటి ఆడపడుచును వివాహమాడినారు. తెలుగు పండితుల సాంగత్యం ఈ కాలంలోనే దృఢపడినది. 1931లో రామచంద్రదేవ్ సంతానం లేకుండా మరణించగా, 62వ ఏట జయపురం గద్దె ఈయనకు దక్కినది. ఆ వయసులో వచ్చిన అధికారాన్ని ఈయన విద్య కోసం వినియోగించినారు. అప్పుడు శైశవదశలో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల శాశ్వత విరాళం ప్రకటించినారు. కృతజ్ఞతగా విశ్వవిద్యాలయం తన విజ్ఞాన శాస్త్ర కళాశాలకు జయపురం విక్రమదేవ కళాశాల అని పేరు పెట్టినది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినపుడు జయపురం, నందపురం అందులో చేరినవి. అరకు లోయ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండిపోయినది. పూర్వీకుల రాజ్యం మధ్య రాష్ట్రపు సరిహద్దు గీసినా, వాల్తేరుకు విరాళం ఆగలేదు. అటు జయపురంలో 1947లో స్థాపించిన కళాశాలకు కూడా ఈయన పేరే ఉన్నది. అది తరువాత విశ్వవిద్యాలయమైనది.

ఈయన 1951లో మరణించిన కొద్దికాలానికే ఒరిస్సా ప్రభుత్వం జమీందారీలను రద్దు చేయగా, సుమారు ఐదు వందల సంవత్సరాల ఈ కుటుంబ పాలన ముగిసినది.