నిత్యాభ్యాసమున తెలుగు నేర్చిన బ్రౌను దొర

పరభాష నేర్వవలెనను కోరిక మన సీమకు క్రొత్తది గాదు. కుప్పము సంతలో తెలుగు, తమిళము, కన్నడము మూడును వినబడును. పుంగనూరు వర్తకుడు ఏ భాషవానితో ఆ భాషలోనే బేరమాడును. నేడు జపాను భాష నేర్వగోరు యువకులును మనలో కలరు. అయితే గురువు చేరువలో లేనప్పుడు, పుస్తకము చేతబట్టి దినదినము కొంతకొంత చదివి పరాయి భాషను స్వాధీనము చేసికొనుట సాధ్యమా యని పెక్కుమంది సందేహింతురు. ఈ సందేహమునకు సమాధానముగా ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను చరిత్రమును చదువరులకు విన్నవించుచున్నాను.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండు చేరెను. బ్రౌను అక్కడ హెయిలీబరీ కళాశాలలో చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువునకై 1817లో మదరాసున దిగెను. వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద తెలుగు ఓనమాలు దిద్ది, 1820లో భాషా పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను.

పరీక్ష ముగియుటతో పుస్తకము మూసినవారు నాడును కలరు, నేడును కలరు. బ్రౌను చదువు మాత్రము అటుపిమ్మటనే ఆరంభమయ్యెను. ఆ సంవత్సరమే ఆయన కడపలో కలెక్టరు హాన్‌బరీకి సహాయకుడుగా చేరెను. మన మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు ఆ కడప జిల్లాలోనిదే. హాన్‌బరీ రైతులతో తెలుగున ధారాళముగా మాటలాడుట చూచి, తానును అట్లు మాటలాడవలెనని బ్రౌను సంకల్పించెను.

సంకల్పము సులభము, సాధనము దుర్లభము. కాంబెల్ వ్రాసిన వ్యాకరణము వెలువడి నాలుగేండ్లే అయ్యెను. ఆయన నిఘంటువు ఇంకను రాలేదు. పండితులు ఒక కఠిన పదమునకు అంతకంటె కఠినమైన సంస్కృత పదముతో అర్థము చెప్పుచుండిరి. గ్రంథములలోని తెలుగు వేరు, కచేరీకి వచ్చు కాపు నోట వినబడు తెలుగు వేరు. ఈ రెండింటిని బ్రౌను విడువక పట్టెను. కొలువు పనులు చేసికొనుచునే చదివెను, చదివినది వ్రాసికొనెను, విన్న మాటను కూడ వ్రాసికొనెను.

1824 ప్రాంతమున ఆయన దృష్టి వేమనపై పడెను. ఆనాటి పండితులు వేమనను కవిగా లెక్కింపరైరి. జనుల నాలుకలపై నున్న కవిని చదివినగాని జనుల భాష అబ్బదని బ్రౌను గ్రహించెను. తాళపత్ర ప్రతులు అనేకము తెప్పించి, పోల్చి చూచి, 693 పద్యములను ఆంగ్లానువాదముతో 1829లో ప్రకటించెను.

1826లో మరల కడపకు వచ్చి, బంగళా కొని, అందు పండితులకును లేఖకులకును స్వంత ధనముతో జీతములిచ్చి పనిచేయించెను. నాడు తాళపత్రములు అటకలమీద చెదలపాలగుచుండెను. వానిని సేకరించి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. జూలూరి అప్పయ్య పంతులు మొదలగువారు ఈ కార్యమున ఆయనకు తోడైరి. జీతము చాలక అప్పులు చేసెను గాని పని మానలేదు.

నడుమ ఇంగ్లండు వెళ్లినప్పుడును ఊరకుండలేదు. కంపెనీవారి గ్రంథాలయమున పడియున్న 2,000కు పైబడిన దక్షిణదేశ వ్రాతప్రతులను మదరాసునకు చేరునట్లు చేసెను. 1840లో వ్యాకరణమును, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. మదరాసున దిగినది మొదలు నిఘంటువు వచ్చునంతకు 35 ఏండ్లు! 1854లో మిశ్రభాషా నిఘంటువు ప్రకటించి, తెలుగున కలిసిపోయిన అన్యదేశ్యములకు అర్థములు వ్రాసెను. జమాబందీ, తాకీదు వంటి మాటలతో బ్రదుకు వెళ్లదీయు మాబోటి లెక్కలవారికి ఆ గ్రంథము విలువ బాగుగ తెలియును. ఆయన కృషిలో తప్పులు లేకపోలేదు. అయినను తప్పు పడుదునను భయమున ఆయన కలము ఆపలేదు.

ఉద్యోగము విరమించి లండను చేరి, 1865లో అక్కడి విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12వ తేదీన బ్రౌను దివంగతుడయ్యెను. ఆయన సేకరించిన ప్రతులు మదరాసు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నిలిచినవి. కడపలో ఆయన బంగళా ఉండిన చోటనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు మొదలగువారి పట్టుదలచే, ఆయన పేర గ్రంథాలయము వెలసినది.

ఆయనకు దొరతనమును, జీతమును, పండితులును ఉండిరి, మనకేమున్నవని ఎవరైన అడుగవచ్చును. ఆ మాట నిజమే. కాని ఆయనకు లేని సాధనము మనకున్నది. నిఘంటువు లేనందున ఆయన నిఘంటువే నిర్మింపవలసివచ్చెను. మనకు అది గ్రంథాలయపు బీరువాలో సిద్ధముగా నున్నది. ఆయన ఏండ్లతరబడి వెదకిన కావ్యములు స్వల్పమైన చందాకు మన యింటికి వచ్చుచున్నవి. ఇక కావలసినది దినమునకొక గడియ కాలము, దానిని తప్పనీయని పట్టుదల. జపాను భాష యైనను, మన పూర్వకవుల భాష యైనను, ఈ మార్గముననే వశమగును. ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమునకు పూలదండలకంటె, రేపటినుండి బీరువా తెరచి పుస్తకము తీయు చేతులే నిజమైన సన్మానము.